చెరి ఆరు వందల పదకొండు

ఏప్రిల్ 5, శుక్రవారం

నామినేషన్ల గడువు నాలుగింటికి ముగిసింది. టౌన్‌హాల్ తలుపుకి జాబితా అంటిస్తారని తెలిసీ నేను వెళ్ళలేదు. ట్రెవరే ఫోన్ చేసి చదివాడు. మా పార్టీకి ఈ ఊళ్ళో ఎన్నికల ఏజెంటు అతను. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఒకే గొంతుతో చెబుతాడు.

"మిల్‌గేట్ వార్డుకి ముగ్గురు. నువ్వు. కుక్కలకి వేరే పార్కు కావాలనే ఆయన. ఇంకా... కూర్చునే ఉన్నావా?"

"నిలబడే ఉన్నాను. చెప్పు."

"వాలరీ హెస్కెత్. స్వతంత్ర అభ్యర్థిగా."

కెటిల్ పొంగి పొర్లేదాకా నీళ్ళు పట్టానని మా ఆయన క్లైవ్ వచ్చి కుళాయి కట్టేశాక గానీ తెలియలేదు.

నలభై ఏళ్ళు వచ్చేదాకా మోకాలి లోతు నీళ్ళంటేనే నాకు వణుకు. నడుం కింద చెయ్యి పెట్టి, "నేను పట్టుకున్నాలే, నువ్వు పైకప్పు చూడు" అంటూ నాకు ఈత నేర్పింది ఈ వాలే. పట్టుకున్నానన్న చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియనే లేదు. ఇరవై మూడేళ్ళ స్నేహం. ఫిబ్రవరి నుంచి మాటల్లేవు.

పన్నెండేళ్ళు ఈ వార్డుకి కౌన్సిలర్‌గా చేశాను. వీధి దీపాలు, డ్రైనేజీ, చెమ్మెక్కిన ఇళ్ళు, పడిపోయిన గోడలు. అవేవీ ఎవరికీ గుర్తుండవు. ఆల్బర్ట్ వీధి ఈతకొలను మూసేయాలా వద్దా అని ఫిబ్రవరిలో కౌన్సిల్‌లో ఓటు పెట్టినప్పుడు నేను చెయ్యెత్తానట. అదొక్కటే గుర్తు. ఇరవై అయిదు మంది మూసేయాలన్నారు, ఇరవై రెండు మంది వద్దన్నారు. నేను చెయ్యి ఎత్తకపోయినా అది మూతపడేదే. ఇంత చిన్న లెక్క జనానికి ఎందుకు ఎక్కదో.

ఏప్రిల్ 6, శనివారం

వాన. నూట నలభై కరపత్రాలు పంచాను. రెండు కుక్కలు వెంటపడ్డాయి.

ఏప్రిల్ 9, మంగళవారం

కానల్ వీధిలో ఇంటింటికీ తిరిగాను. పదకొండో నంబరాయన తలుపు తీయగానే చెత్తబుట్టల సంగతి ఎత్తుకున్నాడు. నీలం బుట్ట పదిహేను రోజులకి ఖాళీ చేస్తారా, మూడు వారాలకా అని. ఓపిగ్గా చెప్పాను. అంతా విని తలూపి, "సరే గానీ, మీరేగా కొలను మూసింది" అన్నాడు.

"నేనొక్కదాన్నే కాదండీ. నలభై ఏడు మంది..."

"వాళ్ళెవరూ నా గుమ్మంలోకి రాలేదు కదా."

తలుపు వేశాడు. ఆగి, మళ్ళీ కొంచెం తెరిచి, "నీలం బుట్ట గురించి చెప్పినందుకు థాంక్స్" అన్నాడు.

చివరింట్లో మిసెస్ బార్న్స్. ఎనభై ఎనిమిదేళ్ళు. తుంటి ఎముక విరిగాక నాలుగేళ్ళు కొలనులో వాల్ నడిపే క్లాసుకి వెళ్ళి నీళ్ళలో నడిచేది. "రా పిల్లా, తడిసిపోయావు" అని లోపలికి పిలిచి కేకు ముక్క పెట్టింది. కొలను ఊసే ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం లేవబోయి లేవలేక, "నువ్వే వేసేసి వెళ్ళు తలుపు" అంది. ఇదివరకు గేటు దాకా వచ్చి చెయ్యి ఊపేది.

కొలను పైకప్పు పాడైపోయింది. బాయిలర్ ముసలిదైపోయింది. నన్ను ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అదే చెబుతాను. ఉన్నమాటే కదా.

ఏప్రిల్ 12, శుక్రవారం

రెండో కరపత్రం అచ్చై వచ్చింది. నా ఫొటో, స్టేషన్ రోడ్డు మీద గుంత పూడ్చిన ఫొటో, బడి దగ్గర వేగం తగ్గించే బోర్డు ఫొటో. కొలను మాట ఎక్కడా లేదు.

"ఒక్క ముక్కైనా ఉండాలి ట్రెవర్. లేకపోతే దాస్తున్నామనుకుంటారు" అన్నాను.

"ఉంటే తవ్వుకుంటున్నామనుకుంటారు. జానిస్, నా మాట విను. తలనొప్పి ఉన్నవాడికి తల గుర్తుచేయకూడదు."

"మూడేళ్ళ కిందటి కరపత్రం వాళ్ళ దగ్గరింకా ఉంది. 'నేనున్నంత కాలం ఆల్బర్ట్ వీధి తలుపు మూతపడదు' అని దాని మీద ఉంది."

"అది రాసింది నేనే. బాగా రాశాను" అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 14, ఆదివారం

క్లైవ్ మళ్ళీ పొద్దున్నంతా కుర్చీలోనే. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి వెన్ను పాడు చేసుకున్న మనిషి. ఏడింటికల్లా కొలనులో దిగి ఇరవై సార్లు అటూ ఇటూ ఈదితే గానీ ఆ రోజంతా నడుం వంగదు. పార్కు చుట్టూ నడవమన్నాను.

"పార్కు నన్ను మోయదు" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా.

నన్నేమీ అనలేదు. ఎప్పుడూ అనడు. అదే విసుగు.

ఏప్రిల్ 18, గురువారం

మెథడిస్టు చర్చి హాల్లో ముగ్గురు అభ్యర్థులతో సభ. అరవై కుర్చీలు వేస్తే జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మామూలుగా ఈ సభకి పన్నెండు మంది వస్తే గొప్ప.

కుక్కల పార్కాయన తనకిచ్చిన మూడు నిమిషాలూ కుక్కల గురించే మాట్లాడాడు. ఆయన్ని చూస్తే నిజంగా అసూయ వేసింది. తర్వాత ఒకావిడ లేచింది. చంకలో పాప, పక్కన ఇంకో పిల్ల.

"మా వెనకే కాలువ. ఈ ఇద్దరికీ ఈత రాదు. వాళ్ళకి ఎక్కడ నేర్పించమంటారు?"

"పక్క ఊళ్ళో కొత్త కొలను ఉందమ్మా, ఎనిమిది మైళ్ళు" అన్నాను.

"బస్సు ఉందా?"

"ఉంది. మధ్యలో ఒకచోట మారాలి."

"మాకు కారు లేదని చెప్పడం మరిచిపోయాను" అని కూర్చుంది. హాలంతా నవ్వింది. నా మీద కాదనుకుంటాను. ఏమో.

వాల్ వంతు వచ్చింది. నన్ను చీల్చి చెండాడుతుందనుకున్నాను. అలా చేసుంటే బాగుండేది. నెమ్మదిగా లేచి, రెండు చేతులూ స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుని మాట్లాడింది.

"నాకు రాజకీయం తెలీదు. కప్పు పాడైందంటున్నారు. నేను ఇంజనీర్ని కాదు, వాళ్ళన్నదే నిజమేమో. ఆ ఇంజనీరు నివేదిక ఒకటుంది. దాన్ని ఊరికి ఎందుకు చూపించరో నాకు అర్థం కావడం లేదు. జానిస్ చదివే ఉంటుంది. తనే చెప్పగలదు."

అందరూ నా వైపు తిరిగారు.

"అది గోప్యం. కొలను స్థలం అమ్మకం ఇంకా సాగుతోంది కాబట్టి బయట పెట్టకూడదు. నియమాలు నేను రాసినవి కావు" అన్నాను.

"నేను నియమాల గురించి అడగలేదు జానిస్" అంది వాల్. అని కూర్చుంది.

బయటికి వచ్చేటప్పుడు ట్రెవర్ నా భుజం తట్టి, "బాగా నెట్టుకొచ్చావు" అన్నాడు. ఈ మాట చెయ్యి విరిగినవాళ్ళతో అంటారు.

ఏప్రిల్ 19, శుక్రవారం

నియమాలు నేను రాసినవి కావు.

ఏప్రిల్ 24, బుధవారం

మాల్కమ్ వచ్చాడు. కౌన్సిల్ నాయకుడు స్వయంగా మా వార్డుకి వచ్చి కరపత్రాలు పంచడం ఇదే మొదటిసారి. గంటసేపు ఒక్క వీధి తిరిగి, ఫొటో తీయించుకుని, మా ఇంట్లో శాండ్‌విచ్ తిన్నాడు.

"నువ్వు గెలుస్తావు. జనం కోపంగా ఉంటారు, కానీ కోపం పోలింగ్ దాకా నడిచి రాదు. గెలిచి రా, తర్వాత సంగతి మాట్లాడుకున్నాం కదా" అన్నాడు.

క్లైవ్ కుర్చీలోంచి, "ఏ సంగతి?" అన్నాడు.

"ఏదో కమిటీ పని" అన్నాను నేను. మాల్కమ్ శాండ్‌విచ్ వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఏప్రిల్ 27, శనివారం

కరపత్రం వేస్తుంటే ఒక తలుపుకున్న ఉత్తరాల రేకు ఠక్కున మూసుకుని మధ్యవేలు గోరు నల్లబడింది. ఈ ఊళ్ళో తలుపులన్నీ కరిచేవే.

వాల్ ఈతబట్టల మీదే పెద్ద కోటు వేసుకుని, నెత్తిన రబ్బరు టోపీ పెట్టుకుని మార్కెట్ దగ్గర నిలబడిందట. వెనక ఇరవై మంది ముసలివాళ్ళు అదే వేషంలో. వానలో. లోకల్ పేపరు మొదటి పేజీ నిండా అదే ఫొటో. గుంత పూడ్చిన నా ఫొటో ఆరో పేజీలో, తపాలా బిళ్ళంత.

మే 1, బుధవారం

రేపే పోలింగ్. కప్పు ఎప్పుడైనా కూలొచ్చు. ఏ పిల్ల మీదో పడ్డాక నన్ను అనకుండా ఉంటారా?

మే 2, గురువారం

రోజంతా నిలబడ్డాను, కాళ్ళు నావిలా లేవు. క్లుప్తంగా రాస్తాను.

ఏడింటికి ప్రాథమిక పాఠశాల గేటు దగ్గరకి చేరాను. గేటుకి ఒక పక్క నేను, రెండో పక్క వాల్. పదింటికి వాన పట్టుకుంది. ఆమె వైపు బడి చూరు ఉంది.

"తడుస్తున్నావు. ఇటు రా" అంది.

"నా వైపు బాగానే ఉంది" అన్నాను. మధ్యాహ్నానికి బూట్లలో నీళ్ళు.

మా వీధి చివరి రాన్ లోపలికి వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చాడు. ఓటు వేయాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కావాలి కదా, ఆయన చేపలు పట్టే లైసెన్సు తెచ్చాడట.

"ఆ బల్ల దగ్గర కూర్చున్నది నా సొంత మరదలు జానిస్. నిన్న మా ఇంట్లోనే భోంచేసింది. నువ్వెవరో నిరూపించుకో బావా అంటుందేంటి?"

"ఇంటికెళ్ళి బస్ పాస్ తీసుకురా, నేను కారులో దింపుతాను" అన్నాను.

"నేను రాను. దాని ముఖం ఇంకోసారి చూడను" అని వెళ్ళిపోయాడు.

నలుగుర్ని కారులో తెచ్చి, ఓటు వేయించి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపాను. మిసెస్ ఈడీ చేతికర్ర మరిచిపోతే తిరిగి వెళ్ళి తెచ్చిచ్చాను. క్లైవ్ పదకొండింటికి వచ్చి ఓటు వేసి, వాల్‌కి తలూపి, నాకు తలూపి వెళ్ళాడు. ఇద్దరికీ ఒకేలా ఊపాడు.

రెండింటికి లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చాను.

మే 3, శుక్రవారం

కాలేజీ ఆటల హాల్లో లెక్కింపు. పొద్దున పదింటికి మొదలు. బల్లల మీద కాగితాలు విప్పుతుంటే ఇవతలి వైపు నిలబడి చూడవచ్చు గానీ ముట్టుకోకూడదు. నా పేరు పక్కన గుర్తు కనిపించినప్పుడల్లా ట్రెవర్ చేతిలోని అట్ట మీద ఒక గీత గీస్తున్నాడు. గీతలు కాసేపు నావి పెరుగుతాయి, కాసేపు ఆమెవి. నేను చూడడం మానేసి బాస్కెట్‌బాల్ వల చూస్తూ నిలబడ్డాను.

పన్నెండున్నరకి రిటర్నింగ్ అధికారిణి మమ్మల్ని పక్కకి పిలిచింది. సన్నగా, నీట్‌గా, జుట్టు చెదరని మనిషి. వాల్ నాకంటే రెండు ఓట్లు ఎక్కువ. కుక్కల పార్కాయనకి నూట తొంభై. ట్రెవర్ మళ్ళీ లెక్కించమన్నాడు. మళ్ళీ లెక్కించారు. ఒక్క ఓటు తేడా. ఈసారి ఎవరూ అడగకముందే మూడోసారి మొదలుపెట్టారు.

సందేహం ఉన్న కాగితాలు ఒక్కొక్కటే మాకు చూపించారు. ఒకదాని మీద గుర్తు లేదు, 'కొలను తెరవండి' అని మాత్రం ఉంది. అది చెల్లదంది. వాల్ సరేనంది, వాదించలేదు. ఇంకోదాని మీద నా పేరు పక్క గడిలో నవ్వుతున్న ముఖం గీశారు. ఉద్దేశం తెలుస్తోంది కాబట్టి చెల్లుతుందంది. ఇంకోదాని మీద నా గడిలోనే ఒక బొమ్మ ఉంది, అదేమిటో ఇక్కడ రాయను. ట్రెవర్ అదీ మన ఓటే అని వాదించాడు. "గడి దాటలేదు కదండీ" అన్నాడు. అధికారిణి అతని వంక చూసిన చూపుకి నోరు మూశాడు.

మూడోసారి లెక్క: ఆరు వందల పదకొండు, ఆరు వందల పదకొండు.

సమానమైతే చీటీలు వేయాలట. పన్నెండేళ్ళు కౌన్సిల్లో ఉన్నాను, ఈ నియమం ఉందని విన్నాను గానీ చూస్తాననుకోలేదు. ఒకేలాంటి రెండు కాగితాల మీద మా పేర్లు రాసి, మడిచి, కవర్లలో పెట్టి, ఖాళీ బ్యాలెట్ పెట్టెలో వేశారు. హాలంతా పని ఆపి మా చుట్టూ మూగింది. అధికారిణి అటు తిరిగి చెయ్యి పెట్టింది. చిన్న పెట్టెలో రెండే కవర్లు, అయినా చాలాసేపు వెతికినట్టు అనిపించింది.

"హెస్కెత్."

గోడ పక్కన ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. వాల్ నవ్వలేదు. నా దగ్గరకి వచ్చి నిలబడింది.

"ఇలా గెలవాలనుకోలేదు. నువ్వు సరిగ్గా ఓడిపోయి ఉంటే బాగుండేది" అంది.

"నాకూ అంతే. ఓడిపోతే ఓడిపోయానని ఉండేది" అన్నాను.

అది నిజం. పన్నెండేళ్ళ పని ఒక కవర్‌లో పెట్టి పెట్టెలో వేశారు. నేను గెలవలేదు, ఓడిపోలేదు, ఒకావిడ చేతికి తగల్లేదు.

మే 4, శనివారం

ఒక్క ఓటు.

మే 6, సోమవారం

సెలవు రోజు. బయటికి వెళ్ళకుండా ఉండాల్సింది.

రొట్టెల దుకాణంలో ఒకావిడ: "అయ్యో, సెలవులకని మేం టెనెరీఫ్‌లో ఉన్నాం. లేకపోతే నీకే వేసేవాళ్ళం." ఇద్దరు. రెండు ఓట్లు.

మందుల షాపు దగ్గర ఒకాయన: "మీరెలాగూ గెలుస్తారు కదా అని పోలేదు." ఆయన చొక్కా పట్టుకుని ఊపేద్దామన్నంత కోపం వచ్చింది. "పర్లేదండీ" అన్నాను.

మిసెస్ బార్న్స్ ఇంటికెళ్ళాను. తనది తపాలా ఓటు. "నీకే వేశాను పిల్లా. నువ్వు చేసింది నాకు నచ్చలేదు, కానీ మా వంటింట్లో చెమ్మ నువ్వే పోగొట్టావు. మరిచిపోతానా?" అంది.  అంతలో సొరుగు తీసి, "ఇదిగో, ఈ కాగితం ఒకటి మిగిలిపోయింది. దీన్నేం చేయాలి?" అని చూపించింది. సంతకం చేసి ఓటుతో కలిపి పంపాల్సిన పత్రం. అది లేకపోతే ఓటు చెల్లదు.

"దీన్నిక పారేయచ్చు" అన్నాను.

రాన్ చేపల లైసెన్సు. టెనెరీఫ్ ఇద్దరు. మందుల షాపాయన. మిసెస్ బార్న్స్ సంతకం. అయిదుగురు. నాకు కావలసింది ఒక్కరు.

మే 7, మంగళవారం

క్లైవ్‌ని అడిగేశాను. అడగకుండా ఉండాల్సింది.

"నువ్వు వాల్‌కి వేశావు కదూ?"

టోస్టు మీద వెన్న రాస్తున్నాడు. కత్తి కింద పెట్టాడు.

"ఏమన్నావు?"

"నిన్నేమీ అనను. నీ వెన్నునొప్పి నాకు తెలుసు. కొలను లేక ఎంత బాధపడుతున్నావో రోజూ చూస్తున్నాను. నిజం చెప్పు, అంతే. ఆ ఒక్క ఓటు నీదేనా?"

"నీకే వేశాను" అన్నాడు. "నచ్చి వేయలేదు. పెన్సిల్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నా వెనక క్యూ కూడా కట్టారు. నా పెళ్ళాం కదా అని వేశాను. ఇప్పుడు నువ్వు ఈ మాట అడిగాక, వేయకుండా ఉండాల్సింది అనిపిస్తోంది."

టోస్టు తినకుండా లేచి, గోడ పట్టుకుని మెట్లెక్కాడు. మెట్టుకొకసారి ఆగడం కింద నుంచి వినపడింది.

మే 8, బుధవారం

మాట్లాడడం లేదు.

మే 9, గురువారం

ఉప్పు అందించమన్నాడు.

మే 14, మంగళవారం

ట్రెవర్ వచ్చాడు. పోలింగులో ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని గీతలు కొట్టిన ఓటర్ల జాబితా ఎన్నికయ్యాక పార్టీలకి ఇస్తారు. ఎవరికి వేశారో అందులో ఉండదు, వచ్చారా లేదా అంతే. మన వాళ్ళలో ఎవరు ఎగ్గొట్టారో చూడడం ట్రెవర్‌కి పండగ. ప్రతిసారీ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాడు.

ఈసారి కోటు విప్పలేదు, కూర్చోలేదు. కాగితం బల్ల మీద పరిచి, వేలు పెట్టాడు.

"మీ వీధి. ప్రాక్టర్, క్లైవ్. గీత ఉంది. ప్రాక్టర్, జానిస్. చూడు."

చూశాను.

"ఏదో పొరపాటయ్యుంటుంది" అన్నాను.

"నేనూ అదే అనుకుని టౌన్‌హాల్‌కి ఫోన్ చేశాను. పొరపాటు లేదు. ఆ గేటు దగ్గర పదిహేను గంటలు నిలబడ్డావు జానిస్. గుడ్డివాళ్ళనీ కుంటివాళ్ళనీ మోసుకొచ్చి ఓటు వేయించావు. ఈడీ చేతికర్ర కోసం రెండు మైళ్ళు వెనక్కి వెళ్ళావు. నువ్వు..."

"హడావుడిలో మరిచిపోయాను."

ట్రెవర్ నన్ను చాలాసేపు చూశాడు. పాతికేళ్ళుగా జనం గుమ్మాల్లో నిలబడి, వాళ్ళు చెప్పేది అబద్ధమో నిజమో కనిపెట్టడమే అతని పని.

"సరే. మరిచిపోయావు. ఎవరడిగినా అదే చెబుదాం" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

క్లైవ్ వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.  వారం రోజుల కిందట నేను అతన్ని అడిగిన మాట అతను నన్ను అడగొచ్చు. అడగలేదు.

మే 15, బుధవారం

మరిచిపోలేదు.

రెండింటికి లోపలికి వెళ్ళాను. రాన్ మరదలు నన్ను చూసి నవ్వి, జాబితాలో నా పేరు వెతకడానికి స్కేలు జరుపుతోంది. బ్యాగులో చెయ్యి పెట్టి డ్రైవింగ్ లైసెన్సు పట్టుకున్నాను. మూలన ఓటేసే చెక్క అర, దారానికి కట్టిన పెన్సిల్. ఆ అరలోకి వెళితే నేనూ ఆ కాగితమే ఉంటాం. ట్రెవర్ ఉండడు, మాల్కమ్ ఉండడు, గోప్యం ఉండదు. నా చెయ్యి ఎక్కడ గుర్తు పెడుతుందో నాకు తెలుసు. నాకు మాత్రం పెట్టదు. మూడు నెలలుగా ఊరంతటికీ చెప్పిన మాట ఆ ఒక్క చోట చెల్లదు.

"మళ్ళీ వస్తాను, బయట ఎవరో పిలుస్తున్నారు" అన్నాను. ఎవరూ పిలవలేదు.

ఇంత రాశాను కాబట్టి మిగతాదీ రాస్తాను.

జనవరి 30న ఆ నివేదిక నా చేతికి వచ్చింది. అరవై రెండు పేజీలు. చివరి రెండు పేజీల సారాంశం చాలు, మిగతాదంతా ఇంజనీర్ల గొడవ అన్నాడు మాల్కమ్. నేను మొత్తం చదివాను. చదవకుండా చెయ్యెత్తే రకాన్ని కాను అని గొప్ప నాకు. పధ్నాలుగో పేజీలో ఉంది: కప్పుకి మూడు దూలాలు మారిస్తే ఇంకో పదేళ్ళు ఢోకా లేదు, ఆ పని జరిగేందుకు ఆరు వారాలు మూస్తే చాలు. సారాంశంలో ఆ మాటే లేదు.

మర్నాడే మాల్కమ్‌ని అడిగాను. "పదేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే గోల. ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాడు. అని కాఫీ కలుపుకుంటూ, "మే తర్వాత లైబ్రరీలూ పార్కులూ నీకు అప్పజెబుదామనుకుంటున్నాను, కేబినెట్‌లో" అన్నాడు. ఆ రెండు మాటలకీ సంబంధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ చెప్పుకున్నాను. ఈ డైరీలో కూడా చెప్పుకున్నాను, వెనక్కి తిప్పి చూస్తే కనిపిస్తోంది.

కప్పు ఎప్పుడైనా కూలొచ్చునట. ఏ పిల్ల మీదో పడుతుందట. ఎలా రాశానో.

మే 16, గురువారం

క్లైవ్‌కి చెప్పాను. మొత్తం. మధ్యలో ఆపలేదు.

"ఆరు వారాలా?" అన్నాడు. ఆ ఒక్కటే అడిగాడు.

"ఆరు వారాలు."

చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నాకు చెబితే ఏం లాభం? నాకు కౌన్సిల్లో ఓటు లేదు" అన్నాడు.

మే 20, సోమవారం

కౌన్సిల్ సమావేశంలో ఊళ్ళోవాళ్ళెవరైనా మూడు నిమిషాలు ప్రశ్న అడగవచ్చు. ముందే రాసి పంపాలి. పంపాను.

గంటలో ట్రెవర్ ఫోన్. "ఏం ప్రశ్న?" అన్నాడు.

"ఎల్లుండి వింటావుగా."

"జానిస్, వచ్చే ఏడు స్టేషన్ వార్డు ఖాళీ అవుతుంది. నీ పేరే అనుకుంటున్నాం. పాడుచేసుకోకు."

"తల గుర్తుచేస్తున్నావా?" అన్నాను.

అతను నవ్వలేదు. ఫోన్ పెట్టేశాడు.

మే 22, బుధవారం

సాయంత్రం ఆరున్నరకి టౌన్‌హాల్. పన్నెండేళ్ళలో మొదటిసారి పైన ప్రజల వరసలో కూర్చున్నాను. అక్కడి బెంచీలు ఇంత గట్టివని తెలియదు. క్లైవ్ వస్తానన్నాడు. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. నా చెయ్యి పట్టుకోనివ్వలేదు.

కింద నా కుర్చీలో వాల్ కూర్చుంది. ఎదురుగా మైకు ఎలా నొక్కాలో తెలియక పక్కనాయన్ని అడుగుతోంది.

మేయరు నా పేరు పిలిచి, రికార్డు కోసం చిరునామా చెప్పమన్నాడు. అతను మా ఇంట్లో క్రిస్మస్ భోజనం చేసినవాడే. చెప్పాను. కాగితం చూసి చదివాను. పధ్నాలుగో పేజీలో ఏముందో, ఎప్పుడు చదివానో, చదివాక కూడా ఫిబ్రవరిలో ఎందుకు చెయ్యెత్తానో. కేబినెట్ మాట కూడా చెప్పాను. ప్రశ్న రూపంలో ఉండాలన్నారు కాబట్టి చివర్లో, "ఇది ఊరికి తెలిస్తే ఆ రోజు ఫలితం అలాగే ఉండేదా?" అని అడిగాను.

మాల్కమ్ లేచాడు. గోప్య పత్రాన్ని బయట పెట్టడం నియమాల ఉల్లంఘన, దీని మీద విచారణ ఉంటుంది అన్నాడు. పధ్నాలుగో పేజీలో ఆ మాట లేదని మాత్రం అనలేదు. అది అందరూ గమనించారు. వాల్ మైకు నొక్కింది, అది పనిచేయలేదు, మైకు లేకుండానే మాట్లాడింది. నివేదిక ఊరికి చూపించేదాకా స్థలం అమ్మకం ఆపాలంది. ఓటు పెట్టారు. మా వాళ్ళలో నలుగురు ఎటూ చెయ్యెత్తలేదు. సెప్టెంబరు దాకా అమ్మకం ఆగింది.

అంతే. కొలను తెరవలేదు. తెరుస్తారో లేదో కూడా తెలీదు. తాళం అలాగే ఉంది.

పార్టీ నుంచి నన్ను సస్పెండ్ చేస్తున్నట్టు ఉత్తరం వస్తుందని కిందికి దిగుతుండగానే ఒకాయన చెప్పాడు. ట్రెవర్ నా పక్కనుంచే వెళ్ళాడు, ఆగలేదు.

బయట మెట్ల మీద వాల్ నిలబడి ఉంది.

"జనవరిలోనే తెలుసా?" అంది.

"తెలుసు."

"మా ఇల్లు మీ ఇంటికి మూడు వీధుల దూరం."

"ఔను."

"చర్చి హాల్లో అందరి ముందూ అడిగాను. నా కళ్ళలోకి చూసి నియమాలు అన్నావు."

 క్షమించమని అడగడానికి వచ్చానో లేదో నాకే తెలియలేదు. క్లైవ్ మా ఇద్దరికీ రెండు మెట్లు పైన రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత ఆలస్యంగా చెప్పి, నువ్వేదో గొప్ప పని చేసినట్టు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను" అంది వాల్.

"నేనూ ఒప్పుకోను."

కోటు గుండీలు పెట్టుకుంది. రెండు మెట్లు దిగి, ఇటు తిరగకుండానే అంది: "నాకు ఆ నివేదికలో సగం మాటలు అర్థం కావు. రేపు తొమ్మిదికి రా. కాగితాలన్నీ తీసుకురా. టీ మాత్రం ఇవ్వను."

మే 23, గురువారం

తొమ్మిదికి వెళ్ళాను. టీ ఇవ్వలేదు. ఒంటిగంట దాకా కూర్చున్నాం.